చెవిలో హోరు ఉన్నవాళ్లు పెళ్లికెళ్తే ఏది మేలు: దూదా, ఫోమా, ఫిల్టర్ ప్లగ్గా?

ముహూర్తాల రోజులొచ్చాయంటే విజయవాడలో గానీ గుంటూరులో గానీ చెవిలో హోరు ఉన్నవాళ్లకి రెండే దారులు కనిపిస్తాయి. వెళ్లడం మానేసి అయినవాళ్లతో మాట పడటం ఒకటి. చెవుల్లో దూది కుక్కుకుని వెళ్లి, మర్నాడు పొద్దున్నే ఈల రెట్టింపై లేవడం రెండోది. రెండూ అక్కర్లేదు. ఏం పెట్టుకోవాలో తేలాలంటే ముందు ఒక లెక్క తెలియాలి.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ పెట్టిన హద్దు 85 డెసిబెల్స్ (మోతని కొలిచే లెక్క) దగ్గర రోజుకి 8 గంటలు. అక్కణ్ణుంచి 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఉండదగ్గ సమయం సగమైపోతుంది: 88కి 4 గంటలు, 91కి 2, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట, 103కి ఏడున్నర నిమిషాలు. ఇవి ఫ్యాక్టరీ పనివాళ్ల వినికిడి కోసం వేసిన లెక్కలు, ఇప్పటికే హోరు ఉన్న చెవి కోసం కాదు. కాబట్టి ఇందులో సగం సమయమే మీదని అనుకోండి.

ఎంత మోత ఉందో తెలుసుకోవడానికి ఫోన్ లేకపోయినా ఫర్వాలేదు. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషికి వినపడాలంటే గొంతు పెంచాల్సి వస్తే 85 దగ్గర్లో ఉన్నట్టు. అరవాల్సి వస్తే 90 దాటినట్టే. ఫోన్‌లో చూడాలంటే ఐఫోన్ ఉన్నవాళ్లకి నియోష్ వాళ్ల ఉచిత యాప్ ఉంది. ఆండ్రాయిడ్ యాప్‌లు ఫోన్‌ని బట్టి 5 డెసిబెల్స్ అటూ ఇటూ చూపిస్తాయి, పైగా బాగా పెద్ద మోతలో కొన్ని ఫోన్ల మైకు ఒకచోట ఆగిపోయి అంతకు మించి చూపించదు. యాప్‌లో 'ఎ' వెయిటింగ్ (మనిషి చెవి వినే తీరులో కొలిచే సెట్టింగ్) పెట్టి, మైకు రంధ్రానికి వేలు అడ్డం రాకుండా పట్టుకుని, ఒక నిమిషం సగటు చూడండి. ఎగిరెగిరి పడే అంకె చూసి ఏమీ తేల్చుకోవద్దు.

దూది సంగతి త్వరగా తేల్చేయొచ్చు. అది తగ్గించేది ఐదారు డెసిబెల్స్. 100 ఉన్న డీజే దగ్గర దూది పెట్టుకుంటే చెవికి ఇంకా 95 పడుతూనే ఉంటుంది, అంటే గంట కూడా నిలబడకూడదు. దూది పెట్టుకున్నామన్న ధైర్యంతో మూడు గంటలు కూర్చుంటాం, అదే దాని అసలు ప్రమాదం.

ఫోమ్ ప్లగ్‌లు చవక, జత వంద రూపాయల లోపే. ఆటోనగర్ వైపు సేఫ్టీ సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి. ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ (ఎన్ని డెసిబెల్స్ తగ్గిస్తుందో చెప్పే అంకె) 32 అని ఉంటే సగం కొట్టేసి 16 అనుకోవాలి, ఎందుకంటే చాలామంది సరిగ్గా పెట్టుకోరు. సరిగ్గా అంటే ఇలా: చేతులు కడుక్కోండి. ప్లగ్‌ని మడత పడకుండా సన్నటి పుల్లలాగా నలపండి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగండి, అప్పుడే చెవి దారి తిన్నగా అవుతుంది. లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో అరనిమిషం ఆపి ఉంచండి. అద్దంలో ఎదురుగా చూసుకుంటే ప్లగ్ కొసలు చెవి బయటికి పొడుచుకొచ్చినట్టు కనపడకూడదు. కనిపిస్తే తీసి మళ్లీ పెట్టండి. సరిగ్గా కూర్చుంటే పాతికకు పైనే తగ్గుతుంది.

ఇక్కడే తిరకాసు. ఫోమ్ సన్నటి (హై పిచ్) శబ్దాలని ఎక్కువ మింగేస్తుంది, మాటలో హల్లులు పోతాయి. పక్కన పిన్నిగారు 'ఎప్పుడొచ్చావురా' అంటే ఏదో గొణిగినట్టు వినిపిస్తుంది. మన గొంతేమో కుండలో తల పెట్టి మాట్లాడినట్టు మోగుతుంది, బయటి చప్పుడు తగ్గిన కొద్దీ లోపలి హోరు పైకి తేలుతుంది. దాంతో మాట వచ్చినప్పుడల్లా ప్లగ్ తీసేస్తాం. రెండు గంటల డీజేలో గంటసేపు తీసి ఉంచారనుకోండి. మిగతా గంట ఎంత గొప్ప ప్లగ్ పెట్టుకున్నా, 100లో గంట పడ్డట్టే, అంటే పావుగంట హద్దుకి నాలుగింతలు. సగం సమయం తీసేసిన ప్లగ్ ప్యాకెట్ మీద 32 ఉన్నా, చివరికి దక్కేది 3 డెసిబెల్స్.

అందుకే మనుషులతో మాట్లాడాల్సిన చోట ఫిల్టర్ ప్లగ్ మేలు. సంగీతకారులు వాడేవి ఇవే. సిలికాన్ ప్లగ్ మధ్యలో సన్నటి ఫిల్టర్ ఉంటుంది, లావుపాటి (బేస్) శబ్దాన్నీ సన్నటి శబ్దాన్నీ ఇంచుమించు ఒకేలా 15 నుంచి 20 డెసిబెల్స్ తగ్గిస్తుంది. అదే 100 డీజే 85కి దిగుతుంది. రెండు గంటలూ తీయకుండా కూర్చుంటే పడేది ఆ రోజు హద్దులో పావు వంతే, నా సగం లెక్కలో చూసినా సగమే. తక్కువ తగ్గించే ప్లగ్ ఎక్కువ కాపాడటం వింతగా ఉంటుంది గానీ, చెవిలో ఉన్నదే కదా పనిచేసేది. ఖరీదు ఫోమ్ కన్నా ఎక్కువే. రెండు మూడు సైజుల మొనలు వస్తాయి, అన్నీ పెట్టి చూడండి. కుడి చెవికి ఒక సైజు, ఎడమకి ఇంకోటి కుదరడం మామూలే. పెట్టుకున్నాక రెండు అరచేతులతో చెవులు మూసి తెరవండి. మూసినప్పుడు చప్పుడు ఇంకా బాగా తగ్గిందంటే ప్లగ్ సీలు కుదరలేదు. పెళ్లికి వారం ముందే ఇంట్లో టీవీ పెట్టి ఈ పరీక్ష అయిపోవాలి, హాలు గుమ్మంలో కాదు.

తల మీద పెట్టుకునే ఇయర్ మఫ్‌లు పిల్లలకి బాగుంటాయి, పెట్టడం తేలిక. కళ్లజోడు కాడ అడ్డొస్తే సీలు పోతుంది, మన ఎండలకి చెమట సరేసరి. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు గుంటూరు బస్సు ఇంజను రొదకి హాయి. డోలు దెబ్బలాంటి ఠక్కున వచ్చే మోతకి వాటిని నమ్ముకోవద్దు.

ఇక దూరం. డబ్బు పెట్టక్కర్లేనిది, కానీ అన్నిచోట్లా ఒకేలా పనిచేయదు. ఆరుబయట దూరం రెట్టింపైతే సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతాయి. స్పీకరుకి 2 మీటర్ల నుంచి 16 మీటర్లకి జరిగితే 18, ఒక ఫిల్టర్ ప్లగ్‌తో సమానం. ఏసీ ఫంక్షన్ హాల్లో ఆ లెక్క చెల్లదు. గ్రానైట్ నేల, అద్దాలు, రేకుల సీలింగ్ మోతని తిప్పి కొడతాయి, వెనక వరసలో కూర్చున్నా తగ్గేది కొంచెమే. అక్కడ దూరం కన్నా గోడ నయం: మొదటి బంతిలో భోజనానికి వెళ్లడం, పలకరింపులు వంటశాల వైపు వరండాలో పెట్టుకోవడం.

గట్టిమేళానికి భయపడి ముహూర్తం వేళ బయటికి పోనక్కర్లేదు. అది ఒకటి రెండు నిమిషాలే. అక్షింతలు వేశాక చెవి రంధ్రం ముందున్న చిన్న మిట్టని వేలితో లోపలికి నొక్కి పట్టుకుంటే అప్పటికి సరిపోతుంది. గంటలు గంటలు సాగే సంగీత్, ఊరేగింపు డీజేల దగ్గరే జాగ్రత్త కావాలి. ఊరేగింపులో స్పీకర్లు తిరిగి ఉన్న వైపు నడవకండి, బండికి బాగా దూరంగా నడవండి. టపాకాయల విషయంలో నిమిషాల లెక్కలేవీ పనికిరావు, ఒక్క పేలుడు చాలు. అక్కడ మాత్రం ఫోమ్, దూరం రెండూ కావాలి. ఆరుబయట లౌడ్‌స్పీకర్లు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఏడాదిలో 15 రోజులకి మించకుండా పండగలకి అర్ధరాత్రి దాకా రాష్ట్రం సడలింపు ఇవ్వొచ్చు.

చెవి కారుతున్నా, కర్ణభేరికి చిల్లు ఉన్నా ఏ ప్లగ్గూ వద్దు. గుబిలి ఎక్కువుంటే ముందు డాక్టర్ దగ్గర తీయించుకోండి, లేకపోతే ప్లగ్ దాన్ని ఇంకా లోపలికి తోస్తుంది. ఫంక్షన్ తర్వాత చెవులు దిమ్మెక్కితే ఆ రోజు హద్దు దాటినట్టే, మర్నాడంతా చెవులకి విశ్రాంతినివ్వండి. ఒక చెవి ఉన్నట్టుండి వినపడటం మానేస్తే మాత్రం తగ్గుతుందిలే అని ఆగొద్దు. ఇఎన్‌టీ డాక్టర్‌కి అదే రోజు, ఆలస్యమైనా మూడు రోజుల్లోపు చూపించుకోవాలి. మందు త్వరగా పడితేనే పనిచేసే అవకాశం. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, నాడితో పాటు కొట్టుకుంటున్నా అది కూడా చూపించుకోవాల్సిందే.

హాలు మెట్లు దిగి చప్పుడు తగ్గాక ప్లగ్‌లు తీసేయండి. ఇంట్లో, నిద్రలో, మామూలు రోడ్డు చప్పుడులో పెట్టుకుంటూ పోతే చెవి ఇంకా సున్నితమై మామూలు శబ్దమే బాధపెడుతుంది. ఆ రాత్రి హోరు ఎక్కువగా అనిపిస్తే గదిని నిశ్శబ్దంగా ఉంచొద్దు, ఫ్యాన్ తిరగనివ్వండి.