ముందు ప్లాట్లా, ముందు చెరువులా?

వరంగల్ చుట్టూ అభివృద్ధిని రెండు రకాలుగా ప్లాన్ చేయొచ్చు. మొదటిది మనకు బాగా అలవాటైంది: ముందు రోడ్లు, లేఅవుట్లు, పరిశ్రమలు, నీళ్ల సంగతి తర్వాత. పని చకచకా సాగుతుంది, భూమి ధర లేస్తుంది. కానీ చెరువు నీళ్లు నిలిచే శిఖం భూమిలో ఇంటి నెంబర్లు పడ్డాక, చెరువు నిండి పొర్లే మత్తడి నీళ్లు ఎటు పోవాలి? 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో కాలనీలు మునిగినప్పుడు ఆ భారం ఇళ్లవాళ్ల నెత్తిన పడింది. తడిసిన బియ్యం బస్తా, చెడిపోయిన ఫ్రిజ్ ఏ ప్రాజెక్టు లెక్కలోనూ కనిపించవు.

రెండోది చెరువుతో మొదలుపెట్టడం. కాకతీయుల గొలుసుకట్టులో పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది. ఆ దారిని, చెరువు పూర్తిగా నిండితే నీళ్లు చేరే ఎఫ్‌టీఎల్ హద్దును మ్యాప్‌లో ముందే గీసి, మిగిలిన చోటే ప్లాట్లకు అనుమతి ఇవ్వాలి. ఆలస్యమవుతుంది, నిజమే, పట్టా ఉన్న రైతుకు పరిహారమూ ఇవ్వాల్సిందే. అయినా లాభం రెండు వైపులా ఉంటుంది. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తీసిన ఒండ్రు మట్టిని రైతులు ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్నారు. చెరువూ లోతైంది, చేనుకూ సత్తువ వచ్చింది.

గీసుకొండ, సంగెం మండలాల్లోని టెక్స్‌టైల్ పార్కు లాంటి చోట నా ఓటు రెండోదానికే. అద్దకం నీళ్లను శుద్ధి చేసే ప్లాంటు, షెడ్ల కంటే ముందే నడవాలి. చుట్టుపక్కల బావుల కింద పంట పండించుకునేవాళ్లున్నారు.