ఇన్‌క్యుబేటర్‌లో అయస్కాంత మైక్రోపంపు: చాలాకాలం వాడాక నా మాట

చిప్‌లో (సన్నటి కాలువలున్న చిన్న పలక) కణాలు పెంచుతూ కాస్తంత మీడియానే (కణాలకి ఆహారమిచ్చే ద్రవం) రోజుల తరబడి తిప్పుతూ ఉండాలంటే సిరంజి పంపు నరకం. పంపు బయట, చిప్ ఇన్‌క్యుబేటర్ (కణాల్ని వెచ్చగా, తేమగా ఉంచే పెట్టె) లోపల, తలుపు సందులోంచి ట్యూబులు, సిరంజి ఎప్పుడు ఖాళీ అవుతుందోనని ఒకటే టెన్షన్. అందుకే అయస్కాంతంతో నడిచే పంపుకి మారాం, ఇక వెనక్కి వెళ్లే ఉద్దేశం నాకు లేదు.

చిప్‌లోని చిన్న గదికి పీడీఎంఎస్ (రబ్బరులా సాగే పారదర్శక సిలికోన్) పొరే పైకప్పు, ఆ పొరలో పొదిగిన నియోడిమియం అయస్కాంత బిళ్ల, దానికి దగ్గర్లో అయస్కాంతాలు బిగించిన బుల్లి మోటారు. మోటారు తిరిగితే పొర పైకీ కిందకీ ఆడుతుంది. కదిలే వాల్వులు ఉండవు, రెండు వైపులా ఒక చివర సన్నగా, మరో చివర వెడల్పుగా ఉండే దారులే ద్రవాన్ని ముందుకి నెడతాయి (స్వీడన్‌లో ఎరిక్ స్టెమ్మె, గోరన్ స్టెమ్మె 1993లో ప్రచురించిన పద్ధతి ఇదే). ద్రవాన్ని తాకే లోహం లేదు, బయటి గొట్టాలు లేవు, పొరని ఆడించడానికి విద్యుదయస్కాంత కాయిల్ లేదు కాబట్టి దాని వేడి కూడా లేదు. 37 డిగ్రీల దగ్గర కణాలు పెంచేవాళ్లకి ఈ చివరిది చాలా పెద్ద విషయం.

అయితే దీంతో ప్రవాహాన్ని నెమ్మదిగా నడపడం కష్టం. మోటారు వేగం సగం చేస్తే ప్రవాహం అంతకన్నా ఎక్కువే పడిపోతుంది, ఎందుకంటే ద్రవం మరీ మెల్లగా కదిలేటప్పుడు ముందుకి వెళ్లినా వెనక్కి వచ్చినా ఆ దారుల్లో నిరోధం దాదాపు ఒకటే, పొర ఎంత ఆడినా ద్రవం అక్కడక్కడే ఊగుతుంది. అంత తక్కువ ప్రవాహం కావాలంటే చెక్ వాల్వులు (ద్రవాన్ని ఒకవైపుకే వదిలేవి) ఉన్న డిజైనే తీసుకోండి.

పొరలోని బిళ్లకీ, చిప్ కిందున్న మోటారు అయస్కాంతాలకీ మధ్య దూరం సంగతి ఇంకా ముఖ్యం. చిన్న అయస్కాంతాల మధ్య బలం దూరం పెరిగేకొద్దీ చాలా వేగంగా తగ్గిపోతుంది. చిప్ అడుగున కవర్‌స్లిప్ (పల్చటి గాజు పలక) బదులు మామూలు 1 మిల్లీమీటరు గాజు స్లైడ్ పెట్టి చూడండి, పొర కదలిక ఎంత తగ్గిందో మైక్రోస్కోపులో తెలిసిపోతుంది. మోటారుని కదలకుండా బిగించే స్టాండ్ లేకపోతే రోజుకో రీడింగ్ వస్తుంది.

బుడగ చేరిందా, ఆ పూట పని పోయినట్టే. పొర నొక్కినప్పుడు బుడగ కుంచించుకుంటుంది, వదిలితే ఉబ్బుతుంది, ప్రవాహం కనబడాలని ద్రవంలో కలిపిన సూక్ష్మ పూసలు మాత్రం ముందుకి కదలవు. ఫ్రిజ్‌లోంచి తీసిన మీడియాని నేరుగా పోస్తే లోపల వేడెక్కాక అందులో కరిగిన గాలి బయటికొస్తుంది. ముందే 37కి తెచ్చి, గాలి తీసేసి పోయడం తప్పనిసరి.

చిప్ మీరే పోసుకుంటుంటే ఇంకొక్కటి: మామూలు గ్రేడు నియోడిమియం 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోవచ్చు, కాబట్టి పొరని 65 దగ్గర రాత్రంతా ఉంచి గట్టిపరచండి. మోటారు మీది అయస్కాంతాల నికెల్ పూత గీసుకుపోతే ఇన్‌క్యుబేటర్ తేమకి తుప్పు పడుతుంది, సిలికాన్ పూస్తే సరిపోతుంది.

ఫెర్రోఫ్లూయిడ్‌నే (అయస్కాంతానికి లాగబడే ద్రవం) పిస్టన్‌లా తిప్పే రకం కూడా వాడాం. చూడముచ్చటగా ఉంటుంది, కానీ నూనెతో చేసినది పీడీఎంఎస్‌లోకి ఇంకి గోధుమ రంగు మరక వదులుతుంది. కణాలున్న చిప్‌కి నేను పెట్టను.

రెడీమేడ్‌గా కొనేవాళ్లు గరిష్ఠ ప్రవాహం అంకె ఒక్కటే చూసి డబ్బు కట్టకండి. ఎదురు ఒత్తిడి పెరిగేకొద్దీ ప్రవాహం ఎలా తగ్గుతుందో చూపించే గ్రాఫ్ అడగండి, అది ఇవ్వలేని వాళ్ల దగ్గర కొనకండి.