సాగర్ నీటిమట్టం గ్రాఫ్: ఎక్సెల్‌లో ఆ రెండు గడులు

ఎక్సెల్‌లో గ్రాఫ్ గీయడం అందరికీ తెలిసిందే, అది వదిలేస్తున్నాను. నేను ఇన్నాళ్లుగా దాన్ని అంటిపెట్టుకుని ఉండటానికి కారణం నిలువు గీత మీద అంకెలను బిగించే రెండు గడులు. గీత మీద డబుల్ క్లిక్ చేస్తే కుడి పక్కన తెరుచుకునే ఫార్మాట్ యాక్సిస్‌లో, బౌండ్స్ కింద మినిమమ్, మ్యాక్సిమమ్ అని ఉంటాయి. చాలామంది వాటి జోలికే వెళ్లరు. నాకు మాత్రం ఎక్సెల్ అంటే ముందు గుర్తొచ్చేది అవే.

మాది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. జూన్ నుంచి మా రైతుల వాట్సాప్ గ్రూపులో రోజూ వచ్చే ప్రశ్న ఒకటే, సాగర్‌లో ఎంతుంది? పేపర్లో వచ్చిన నీటిమట్టం, నిల్వ, ఇన్‌ఫ్లో, ఔట్‌ఫ్లో షీట్‌లో ఎక్కించి, వారానికోసారి గ్రాఫ్ ఫొటో గ్రూపులో పెట్టడం నా పని.

ఒక అక్టోబరులో జరిగింది చెబుతాను. వరి పొట్ట మీద ఉంది. డ్యామ్ నిండి, గేట్లు మూసి, మట్టం 590 అడుగుల నుంచి మెల్లగా దిగుతోంది. ఎవరో ఒక ఫోన్ యాప్‌లో గీసిన గ్రాఫ్ గ్రూపులోకి వచ్చింది. అందులో నిలువు గీత కింద 588, పైన 590.5. నీళ్లు దిగింది అడుగున్నర. బొమ్మలో మాత్రం గీత పైకప్పు నుంచి నేలకు జారిపోయింది. అంకెలు చిన్నవి, ఫోన్‌లో ఎవరూ చదవలేదు, అందరూ గీతనే చూశారు. ఆ సాయంత్రం నుంచి ఒకటే ఫోన్లు. "బాబాయ్, సాగర్ ఖాళీ అవుతోందట కదా? వారబందీ పెడతారా?" (అంటే నీళ్లు వంతులవారీగా ఇస్తారా) అని ఒకరు, యాసంగికి నారు పోసుకోవాలా వద్దా అని ఇంకొకరు. అడుగున్నర అంటే నాలుగైదు టీఎంసీలు, డ్యామ్ నిండితే ఉండే 312 టీఎంసీల్లో నాలుగైదు. నోటితో ఎంత చెప్పినా టెన్షన్ తగ్గలేదు.

అవే అంకెలతో నా షీట్‌లో గీసి, మినిమమ్ 510, మ్యాక్సిమమ్ 590 అని కొట్టాను. 510 అంటే సాగర్ కనీస నీటిమట్టం, 590 పూర్తి స్థాయి మట్టం. కాలువల కింద రైతుకు పనికొచ్చే నీళ్లన్నీ ఆ ఎనభై అడుగుల మధ్యే. ఇప్పుడు గీత పై అంచుకు దగ్గరగా, కొద్దిగా వంగి కనిపించింది. ఫొటో పెట్టిన గంటలో ఫోన్లు ఆగిపోయాయి. ఎవరికీ ఏమీ వివరించాల్సిన పని పడలేదు. ఆ సంతోషం నాకు ఇప్పటికీ ఉంది.

ఈ అంకెలు ఆటోమేటిక్‌గా ఎలా వస్తాయో తర్వాత తెలుసుకున్నాను. గరిష్ఠ, కనిష్ఠ విలువల మధ్య తేడా గరిష్ఠంలో ఆరో వంతు దాటితే ఎక్సెల్ సున్నా నుంచి మొదలుపెడుతుంది. దాటకపోతే సున్నాను వదిలేసి కనిష్ఠానికి దగ్గర్లో మొదలుపెడుతుంది. సాగర్ అంకెలకు ఇది బాగా తగులుతుంది. మట్టం 510కి దిగినా తేడా 80 అడుగులే, 590లో ఆరో వంతు 98, కాబట్టి నిలువు గీత సున్నా నుంచి రాదు. అదే నిల్వ 312 నుంచి సుమారు 131 టీఎంసీలకు పడుతుంది, కాబట్టి అది సున్నా నుంచి వస్తుంది. ఒకే డ్యామ్, రెండు గీతలు, రెండు లెక్కలు.

అందుకే నిల్వను సెకండరీ యాక్సిస్ (కుడివైపు వచ్చే రెండో నిలువు గీత) మీదకు మార్చి, దానికి 120 నుంచి 320 అని పెట్టాను. ఎడమవైపు మేజర్ యూనిట్, అంటే అంకెకూ అంకెకూ మధ్య ఎడం, 10, కుడివైపు 25. రెండువైపులా ఎనిమిదేసి భాగాలు వస్తాయి, అడ్డగీతలు రెండింటికీ సరిపోతాయి. ఈ ఏర్పాటు తర్వాతే నాకు ఒక విషయం కంటికి కనిపించింది. డ్యామ్ పైభాగంలో ఒక్క అడుగు దిగితే దాదాపు 3 టీఎంసీలు పోతాయి, కిందికి వెళ్లేకొద్దీ అదే ఒక్క అడుగుకు తక్కువ నీళ్లు.

కింది గీత మీద తేదీల విషయంలో ఒక్కటే మాట. మేజర్ యూనిట్‌ను 30 రోజులు అని ఇవ్వకండి. జూన్ 1, జులై 1 సరిగ్గానే వచ్చి, ఆ తర్వాత జులై 31, ఆగస్టు 30 అంటూ జరిగిపోతుంది. 1 నెల అని ఇస్తే ప్రతి ఒకటో తేదీ దగ్గరే పేరు పడుతుంది. ఇన్‌ఫ్లోలోంచి ఔట్‌ఫ్లో తీసేసి కడ్డీలు గీసినప్పుడు, సున్నా కిందకు దిగిన కడ్డీల మీద తేదీలు ఎక్కి కూర్చుంటాయి. లేబుల్ పొజిషన్‌లో లో అని ఎంచుకుంటే అవన్నీ గ్రాఫ్ అడుగుకు దిగిపోతాయి.

ఇంతగా మెచ్చుకున్న బౌండ్స్ గురించి ఇంకో సంగతీ చెప్పాలి. బిగించిన అంకె బిగించినట్టే ఉంటుంది, లెక్క దాన్ని దాటినా పెరగదు. నేను లెక్క రాసే రెండో డ్యామ్, సాగర్‌కు ఎగువనున్న శ్రీశైలానికి పూర్తి స్థాయి మట్టం 885 అడుగులు. 2009 అక్టోబరు వరదలో అది 896 దాకా వెళ్లింది. మ్యాక్సిమమ్ 885 దగ్గర ఉన్న షీట్‌లో ఆ ఏడాది లెక్క ఎక్కిస్తే, సరిగ్గా అందరూ చూడాల్సిన ఆ రోజులే పై అంచు దగ్గర తెగిపోతాయి. తెగిందని ఎక్కడా రాసి ఉండదు. అందుకే వరద రోజుల్లో రీసెట్ నొక్కి ఒకసారి ఆటోమేటిక్‌లో చూసుకుంటాను, తర్వాత మళ్లీ బిగిస్తాను. ఈ రెండు గడుల్లో ఏదో ఒక సెల్‌లోని విలువను తీసుకోమని చెప్పే వీలు కూడా లేదు, మాక్రో (ఎక్సెల్‌లో పని దానంతట అదే జరిగేలా రాసే చిన్న ప్రోగ్రామ్) రాయాల్సిందే. నాకు మాక్రోలు రావు. రెండు డ్యామ్‌లకే కాబట్టి చేత్తో మార్చుకోవడం నాకు భారం కాదు. ఇరవై ముప్పై రిజర్వాయర్లు చూసే ఆఫీసు వాళ్లకు ఇదే మాట చెప్పలేను.

నేను వాడేది కంప్యూటర్‌లోని ఎక్సెల్ 2016. ఫోన్ మీదే పనంతా చేసేవాళ్లకు ఈ సమీక్ష ఎంతవరకు పనికొస్తుందో వాళ్లే చూసుకోవాలి. పై హద్దు, కింది హద్దు ముందే తెలిసిన లెక్కలు మీ దగ్గర ఉంటే, మా డ్యామ్‌లాగే, ఆ రెండు గడులు ఈ వారమే నింపి చూడండి. ధరల్లాంటివి ఎంతవరకు పోతాయో ఎవరికీ తెలియదు, అక్కడ నేనైతే మ్యాక్సిమమ్ ముట్టుకోను.