కౌంటీ కోర్టు రికార్డా, బ్యాక్‌గ్రౌండ్ చెక్ సైటా?

టెక్సస్‌లో ఇల్లు కొన్నారు, ఒక గది అద్దెకిద్దామనుకున్నారు. వచ్చే మనిషి మీద కేసులున్నాయేమో చూడటానికి రెండు దారులు: కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు రికార్డులు మనమే వెతకడం, లేదా డబ్బు తీసుకుని పాత కేసుల వివరాలు వెతికిపెట్టే ప్రైవేటు బ్యాక్‌గ్రౌండ్ చెక్ సైటు.

ఖర్చు: కౌంటీ కోర్టు క్లర్క్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడటం చాలాచోట్ల ఉచితం, కాపీలకే ఫీజు. ప్రైవేటు సైట్లు ఎక్కువగా నెలసరి చందా అడుగుతాయి. దాన్ని ఆపించుకోవడం ఇంకో టెన్షన్.

శ్రమ: ఇందులో సైట్‌దే పైచేయి. టెక్సస్‌లో 254 కౌంటీలు, ఎవరి రికార్డు వాళ్లదే. ఒకే కౌంటీలో కూడా ఫెలొనీ (పెద్ద నేరాల) ఫైళ్లు సాధారణంగా డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర, చిన్న కేసులు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. డాలస్‌కు ముందు ఆస్టిన్‌లో ఉన్నవాడైతే ఆస్టిన్ ఉండే ట్రావిస్ కౌంటీలోనూ విడిగా వెతకాలి.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. మన పేర్ల సంగతి తెలిసిందేగా, ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకోదాంట్లో వెనక. రెడ్డి అని కొడితే ఎంతమంది వస్తారో! కోర్టు రికార్డులో కేసు నంబరు, తీర్పు ఉంటాయి, పుట్టినతేదీతో మనిషిని పోల్చుకోవచ్చు. సైట్‌లో అరెస్టు కనిపించి, కేసు కొట్టేసిన విషయం కనిపించకపోవచ్చు. అరెస్టయితే నేరం రుజువైనట్టు కాదు.

చట్టం: అద్దె కోసం రిపోర్టు కొనాలంటే 1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ చట్టానికి లోబడే స్క్రీనింగ్ సంస్థ (అద్దెకొచ్చేవాళ్ల గురించి ఆరా తీసి రిపోర్టు ఇచ్చేది) నుంచే తీసుకోవాలి. దాన్ని బట్టి గది ఇవ్వనంటే ఆ విషయం అతనికి తెలియజేయాలి.

మనిషి ఒకే కౌంటీలో ఏళ్లుగా ఉంటే కోర్టు దారే చాలు. ఊళ్లు మారుతూ వచ్చినవాడైతే స్క్రీనింగ్ రిపోర్టు తెప్పించుకుని, అందులో కనిపించిన ప్రతి కేసునీ ఆయా కోర్టు రికార్డుతో సరిచూసుకోండి.