లోకల్ హెచ్‌డీ ఛానళ్లకు ఏది మేలు: డిష్షా, యాంటెన్నానా?

తెలుగు ఛానళ్ల కోసమో క్రికెట్ కోసమో డిష్ పెట్టించుకున్న మిత్రులు చాలామంది నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: "శాటిలైట్ రిసీవర్‌లో లోకల్ ఛానళ్లు వస్తూనే ఉన్నాయి కదా, మళ్లీ యాంటెన్నా దేనికి?" ఈ మధ్యనే మా ఇంటి అటకలో యాంటెన్నా బిగించి, దాని కేబుల్‌ను అదే రిసీవర్‌కు కలిపాను. రెండు దారుల్లోనూ అవే ఛానళ్లను కొన్ని నెలలుగా చూస్తున్నాను. మాది అమెరికాలోని టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో కాబట్టి ఉదాహరణలు ఇక్కడివే ఇస్తాను.

ముందు బొమ్మ సంగతి. స్టేషన్ తన టవర్ నుంచి సెకనుకు 19.39 మెగాబిట్ల ప్రసారాన్ని పంపుతుంది. యాంటెన్నా దాన్ని ఉన్నదున్నట్టుగా అందుకుంటుంది. శాటిలైట్ కంపెనీ మాత్రం అదే ప్రసారాన్ని తీసుకుని, ఎంపెగ్-4 అనే వీడియో కుదింపు పద్ధతిలోకి మరోసారి కుదించి, పైకి పంపి, మన ప్రాంతం మీదికి దించుతుంది. ఫుట్‌బాల్ మ్యాచ్‌లో కెమెరా వేగంగా తిరిగినప్పుడు గడ్డి అలికినట్టు కనిపించడంలో ఈ రెండో కుదింపు పాత్ర ఉంటుంది. అయితే స్టేషన్లు కూడా ఆ 19.39లోనే నాలుగైదు ఉపఛానళ్లను ఇరికిస్తున్నాయి. అలాంటి స్టేషన్ల విషయంలో రెండింటికీ తేడా కనిపెట్టడం కష్టం. బొమ్మ కోసమే అయితే నేను అటక ఎక్కేవాణ్ణి కాదు.

నన్ను ఎక్కించింది వాన. డిష్‌కు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే కేయూ బ్యాండ్ (శాటిలైట్ టీవీ వాడే పౌనఃపున్యాల పట్టీ) సిగ్నల్ 12 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. దాని తరంగదైర్ఘ్యం రెండున్నర సెంటీమీటర్లకు మించదు. దట్టమైన వానచినుకులు దాన్ని మింగేస్తాయి. టవర్ నుంచి వచ్చే యూహెచ్‌ఎఫ్ (ఎక్కువ టీవీ స్టేషన్లు వాడే పౌనఃపున్యాల పట్టీ) సిగ్నల్ తరంగదైర్ఘ్యం అర మీటరు పైమాటే, చినుకులు దానికి లెక్కలోకి రావు. ఉరుముల మేఘం కమ్ముకొచ్చినప్పుడు డిష్ పోయేది పది నిమిషాలే కావచ్చు. కానీ లోకల్ ఛానల్ మనకు నిజంగా అవసరమయ్యేది సరిగ్గా ఆ పది నిమిషాల్లోనే. 2019 అక్టోబర్ 20 రాత్రి ఉత్తర డాలస్‌ను టోర్నడో చీల్చుకుంటూ పోయింది. అది ఏ వీధి వైపు కదులుతోందో రాడార్ పటం మీద చూపించేది లోకల్ స్టేషనే. పిల్లల్ని బాత్‌రూంలోకి చేర్చాలా, ఇంకాసేపు ఆగవచ్చా అని ఆలోచించే సమయంలో తెర మీద "సిగ్నల్ కోసం వెతుకుతున్నాం" అన్న మాట కనిపించకూడదు. ఫోనుకు హెచ్చరిక వస్తుంది, నిజమే, అయినా టోర్నడో దారి కళ్లకు కట్టేది టీవీయే. ఈ ఒక్క కారణంతోనే నా ఓటు యాంటెన్నాకు.

ఇంకో కారణం ఒప్పందాల తగాదాలు. లోకల్ స్టేషన్‌కూ శాటిలైట్ కంపెనీకీ మధ్య ఒప్పందం గడువు తీరి, ధర కుదరకపోతే ఆ ఛానల్ ఒక రాత్రి హఠాత్తుగా మాయమవుతుంది. నెల బిల్లు మాత్రం మనం కడుతూనే ఉంటాం. టవర్ నుంచి వచ్చే ప్రసారాన్ని ఆ తగాదా ఆపలేదు. పైగా శాటిలైట్ కంపెనీ మీ చిరునామా ఏ టీవీ మార్కెట్ కిందికి వస్తుందో చూసి సాధారణంగా అక్కడి ఛానళ్లే ఇస్తుంది. రెండు నగరాల మధ్య ఊళ్లలో ఉన్నవారికి యాంటెన్నాతో రెండు వైపుల స్టేషన్లూ దొరికే అవకాశం ఉంది.

డిష్ పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. కొండ వెనకాల ఇల్లున్నవారికి, టవర్లకు 70 మైళ్లకు మించి దూరంలో ఉన్నవారికి, ఎత్తైన భవనాల నడుమ కింది అంతస్తు అపార్ట్‌మెంట్లో ఉన్నవారికి డిష్ ద్వారా వచ్చే లోకల్ ఛానళ్లే సరైనవి. అక్కడ యాంటెన్నా మీద డబ్బు పోయవద్దు. హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) ఒప్పుకోదేమో అన్న భయంతో మానుకోవలసిన పని మాత్రం లేదు. 1996 నుంచి అమల్లో ఉన్న ఎఫ్‌సీసీ (అమెరికా ప్రసారాల నియంత్రణ సంస్థ) నిబంధన ప్రకారం, మీ సొంత అధీనంలో ఉన్న చోట టీవీ యాంటెన్నా పెట్టుకోవడాన్ని వారు నిషేధించలేరు.

యాంటెన్నా విషయంలో ఎక్కువమంది తప్పటడుగు వేసేది కొనేటప్పుడే. తెర మీద కనిపించే ఛానల్ అంకె, గాలిలో వచ్చే అసలు ఛానల్ ఒకటే కానక్కర్లేదు. డాలస్‌లో తెర మీద 4గా కనిపించే కేడీఎఫ్‌డబ్ల్యూ స్టేషన్ నిజానికి యూహెచ్‌ఎఫ్‌లో వస్తుంది. 8గా కనిపించే డబ్ల్యూఎఫ్‌ఏఏ మాత్రం నిజంగానే 8లో, అంటే తరంగాలు ఇంకా పొడవుగా ఉండే వీహెచ్‌ఎఫ్ పట్టీలో వస్తుంది. యూహెచ్‌ఎఫ్‌కు జానెడు పైబడిన కడ్డీలు చాలు. ఛానల్ 8ని చక్కగా పట్టాలంటే 80 సెంటీమీటర్ల పొడవు కావాలి. కాగితమంత పలుచని యాంటెన్నా కిటికీకి అంటించి "అన్నీ వస్తున్నాయి, 8 ఒక్కటే రావడం లేదు" అనేవారి సమస్య ఇదే. ఎఫ్‌సీసీ వెబ్‌సైట్‌లోని డీటీవీ మ్యాప్‌లో మీ చిరునామా కొడితే ప్రతి స్టేషన్ అసలు ఛానల్, టవర్ ఉన్న దిక్కు కనిపిస్తాయి. కొనే ముందు అది చూడండి. మాకు కలిసొచ్చిందేమిటంటే ఇక్కడి పెద్ద స్టేషన్ల టవర్లు సీడర్ హిల్ దగ్గరే గుంపుగా ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి దాదాపు 40 మైళ్లు, ఇంచుమించు నేరుగా దక్షిణం. ఒక్క దిక్కుకు తిప్పితే సరిపోయింది.

రెండో పొరపాటు ఆంప్లిఫయర్. నేనూ కొన్నాను. రిసీవర్ మీటర్‌లో సిగ్నల్ బలం పెరిగింది, బొమ్మ మాత్రం ముక్కలు ముక్కలుగా విరుగుతూనే ఉంది. ఆంప్లిఫయర్ సిగ్నల్‌తో పాటు రొదనూ పెంచుతుంది. పొడవైన కేబుల్‌లోనూ, ఒక కేబుల్‌ను పలు టీవీలకు పంచే స్ప్లిటర్లలోనూ పోయే సిగ్నల్‌ను భర్తీ చేయడం దాని పని. గోడలకూ కొయ్య దూలాలకూ తగిలి వచ్చే ప్రతిబింబాలను అది సరిచేయలేదు. చివరికి దాన్ని తీసేసి, యాంటెన్నాను అటకలోనే నాలుగడుగులు పక్కకు జరిపాను. 50ల దగ్గర ఊగిసలాడే ఛానల్ 8 నాణ్యత 80 దాటి నిలబడింది. అందుకే చెబుతున్నాను, బిగించే ముందు ఒకరు రిసీవర్ దగ్గర అంకెలు చదువుతుంటే ఇంకొకరు యాంటెన్నాను అడుగడుగునా జరిపి చూడండి. ఒక గంట పడుతుంది, ఆ గంట ఏ పరికరమూ ఇవ్వని ఫలితం ఇస్తుంది. పైకప్పు కింద మెరిసే అల్యూమినియం పొర ఉన్నా, కప్పు రేకుదైనా అటక పనికిరాదు, బయటే పెట్టాలి. బయట పెడితే ఎర్తింగ్ తప్పనిసరి.

యాప్‌ల ద్వారా లోకల్ ఛానళ్లు చూడటం ఇంకో దారి. ఇంటర్నెట్ ఉన్నంతసేపే అది, ప్రసారం కూడా కొంత ఆలస్యంగా వస్తుంది.

రిసీవర్ కొనసాగించేవారు మీ మోడల్‌లో యాంటెన్నా ట్యూనర్ లోపలే ఉందో, విడిగా చిన్న అడాప్టర్ కొనాలో ముందు తెలుసుకోండి. కలిపాక ఛానళ్లు స్కాన్ చేస్తే గైడ్‌లో శాటిలైట్ 8, యాంటెన్నా 8-1 పక్కపక్కనే చేరతాయి. రికార్డింగులు పాత 8 మీదే ఉండిపోతాయి కనుక మీరే మార్చాలి. వార్తలు, వాతావరణం నేను 8-1కి మార్చాను, మిగతావి శాటిలైట్ మీదే వదిలేశాను. శీతాకాలంలో బిగించినవారు చెట్లు ఆకులు తొడిగాక మీటర్ మరోసారి చూసుకోండి, తడి ఆకులు యూహెచ్‌ఎఫ్‌ను బాగానే తగ్గిస్తాయి.