ఇంటి ఫైల్ సర్వర్‌లో ఐబీఎం ఎం1015 కార్డు: ఏడేళ్ల వాడకం తర్వాత

మా నాన్నగారు ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి ప్రసారమైన నాటకాలను, కచేరీలను ఏళ్ల తరబడి క్యాసెట్లలో రికార్డు చేసి దాచుకున్నారు. వాటిని డిజిటల్ రూపంలోకి మార్చి, కుటుంబ ఫోటోలు, పెళ్లి వీడియోలతో కలిపి ఒకచోట భద్రపరచాలన్న ఆలోచనతో 2018లో ఇంట్లో ఒక ఫైల్ సర్వర్ కట్టుకున్నాను. నాలుగేసి టెరాబైట్ల హార్డ్‌డిస్కులు ఆరు కొన్నాను. నా దగ్గరున్న మదర్‌బోర్డులో డిస్కులు తగిలించే సాటా పోర్టులు నాలుగే ఉన్నాయి. ఆ కొరత తీర్చడానికి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఐబీఎం ఎం1015 కార్డు, రెండు ఫ్యాన్లు, రెండు కేబుళ్లు మారినా తాను మారకుండా నేటికీ అదే సర్వర్‌లో పనిచేస్తోంది. అలాంటి కార్డు కొనాలని చూస్తున్న వారికి ఉపయోగపడుతుందని ఈ అనుభవం రాస్తున్నాను.

ముందుగా ఈ కార్డు ఏమిటో చెప్పాలి. పేరు ఐబీఎందే అయినా, దీని మీద ఉన్న చిప్ ఎల్‌ఎస్‌ఐ సంస్థ తయారుచేసిన ఎస్‌ఏఎస్2008. ఎల్‌ఎస్‌ఐ సొంత పేరుతో అమ్మిన 9211-8ఐ కార్డులోనూ, డెల్ హెచ్200, హెచ్310 కార్డుల్లోనూ ఉన్నది ఇదే చిప్. ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొన్నది, ఆ అవాగోయే 2016లో బ్రాడ్‌కామ్ పేరు పెట్టుకున్నది. కనుక ఫర్మ్‌వేర్ (కార్డులోనే ఉండి దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కోసం వెతికేటప్పుడు ఈ మూడు పేర్లూ ఎదురవుతాయి. కార్డుకు ఎస్‌ఎఫ్‌ఎఫ్-8087 రకం పోర్టులు రెండుంటాయి. ఒక్కో పోర్టు నుంచి నాలుగు సాటా డిస్కులకు వెళ్లే కేబుల్ తగిలిస్తే మొత్తం ఎనిమిది డిస్కులు కలపవచ్చు. ఈ కేబుల్ కొనేటప్పుడు ‘ఫార్వర్డ్ బ్రేకౌట్’ అన్న మాట ఉందో లేదో చూసుకోవడం చాలా ముఖ్యం. ‘రివర్స్ బ్రేకౌట్’ కేబుల్ చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది గానీ, లోపలి తీగల అమరిక వేరు కావడంతో ఒక్క డిస్కు కూడా కనిపించదు.

నేను ఎంచుకున్న ఫైల్ వ్యవస్థ జెడ్‌ఎఫ్‌ఎస్. ఇది డిస్కులతో నేరుగా మాట్లాడాలి. మధ్యలో రెయిడ్ కార్డు (పలు డిస్కులను కలిపి ఒకటిగా చూపేది) కూర్చుని తన సొంత లెక్కలు వేసుకోకూడదు. ఎం1015 దుకాణం నుంచి వచ్చేది రెయిడ్ కార్డుగానే. దాని ఫర్మ్‌వేర్‌ను తుడిచివేసి, 9211-8ఐ కోసం విడుదలైన ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్ ఎక్కిస్తేనే అది డిస్కులను ఉన్నవి ఉన్నట్టుగా చూపే సాదా కంట్రోలర్‌గా మారుతుంది. డిస్కులు తమ ఆరోగ్యం గురించి తామే నమోదు చేసుకునే ‘స్మార్ట్’ వివరాలు కూడా అప్పుడు ఏ అడ్డూ లేకుండా కనిపిస్తాయి.

అయితే ఫర్మ్‌వేర్ దాకా వెళ్లకముందే ఒక ఆటంకం వచ్చింది. కార్డు స్లాట్‌లో పెట్టి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి గానీ తెర మీద ఏమీ రాలేదు. కార్డు తీసేస్తే కంప్యూటర్ మామూలుగా మొదలైంది. అమ్మినవారు పాడైన కార్డు అంటగట్టారేమోనని అనుమానించాను. అది నిజం కాదని తర్వాత తేలింది. సర్వర్ల కోసం తయారైన ఇలాంటి కార్డులు పీసీఐఈ స్లాట్‌లోని ఎస్‌ఎంబస్ తీగల ద్వారా కూడా మదర్‌బోర్డుతో మాట్లాడతాయి. కొన్ని మామూలు మదర్‌బోర్డులకు ఆ సంభాషణ గిట్టక మెమరీని గుర్తించే దశలోనే ఆగిపోతాయి. చిప్ ఉన్న వైపున, బ్రాకెట్ దగ్గర నుంచి లెక్కిస్తే ఐదవ, ఆరవ బంగారు పళ్లు ఆ తీగలవి. వాటినే బీ5, బీ6 అంటారు. సెల్‌ఫోన్ రిపేరు దుకాణాల్లో వాడే, వేడికి కరగని పసుపురంగు టేపు సన్నని ముక్క ఒకటి అడిగి తెచ్చుకుని, ఆ రెండు పళ్ల మీద మాత్రమే అంటించాను. కంప్యూటర్ వెంటనే మొదలైంది. ఆ టేపు ముక్క ఈనాటికీ అలాగే ఉంది, దానివల్ల ఇంతవరకు ఏ ఇబ్బందీ కలగలేదు.

ఫర్మ్‌వేర్ మార్చే పనికి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పట్టింది. కార్డు వెనుక అతికించిన చిన్న కాగితం మీద ఎస్‌ఏఎస్ చిరునామా, అంటే ఆ కార్డును గుర్తించే ప్రత్యేక సంఖ్య ఉంటుంది. దాన్ని ముందే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే తుడిచినప్పుడు అది కూడా పోతుంది, తర్వాత మనమే తిరిగి రాయాలి. డాస్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను మొదలుపెట్టి మెగారెక్ అన్న పనిముట్టుతో పాత ఫర్మ్‌వేర్‌ను తుడిచాను. ఆ తర్వాత అదే డాస్ నుంచి, కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించే సాస్2ఫ్లాష్ నడపబోతే ‘ఫెయిల్డ్ టు ఇనిషియలైజ్ పీఏఎల్’ అన్న సందేశంతో అది ఆగిపోయింది. ఖాళీ కార్డుతో ఆ సందేశం చూసినప్పుడు గుండె జారినంత పనైంది. యూఈఎఫ్‌ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన వ్యవస్థ) ఉన్న మదర్‌బోర్డుల్లో డాస్ పనిముట్టు ఇలా మొరాయించడం మామూలేనని తర్వాత తెలిసింది. ఆ వ్యవస్థలోనే ఆదేశాలు టైపు చేసే ఈఎఫ్‌ఐ షెల్‌లోకి వెళ్లి, అందుకోసమే ఉన్న మరో సాస్2ఫ్లాష్‌ను నడిపితే కొత్త ఫర్మ్‌వేర్ సాఫీగా ఎక్కింది. పీ20 అనే ఫర్మ్‌వేర్ వరుసలో మొదట్లో వచ్చిన కూర్పుల మీద ఫిర్యాదులు ఉన్నాయి కనుక నేరుగా చివరిదైన 20.00.07.00 ఎక్కించాను. డిస్కుల నుంచి కంప్యూటర్‌ను బూట్ చేయవలసిన అవసరం లేకపోతే అందుకు తోడ్పడే బూట్ రోమ్ (ROM) భాగాన్ని అసలు ఎక్కించకపోవడమే మంచిది. అది ఉంటే ప్రతిసారీ డిస్కులను వెతుకుతూ చాలాసేపు నిలబెడుతుంది. నా ఆపరేటింగ్ సిస్టమ్ మదర్‌బోర్డుకు తగిలించిన ఎస్‌ఎస్‌డీలో ఉంది కాబట్టి నేను దాన్ని వదిలేశాను.

లైనక్స్ వైపు చేయవలసిందంటూ ఏమీ లేకపోయింది. ఈ కార్డును నడిపే ఎంపీటీ3సాస్ డ్రైవర్ లైనక్స్ కెర్నెల్‌లోనే ఉంటుంది. డెబియన్ లైనక్స్ 9తో మొదలుపెట్టి 12 దాకా వచ్చాను, ఒక్కసారి కూడా కార్డు గుర్తింపులో తేడా రాలేదు. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 8 నుంచి ఈ పాత చిప్‌కు మద్దతు తొలగించారు కనుక, ఆ కుటుంబానికి చెందిన వ్యవస్థ వాడేవారు మాత్రం ఇది గమనించాలి.

వేగం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పీసీఐఈ రెండవ తరం ఎనిమిది లేన్ల (డేటా దారుల) మీద ఒక్కో దిశలో సెకనుకు 4 గిగాబైట్ల దాకా వెళ్లగలదు. ఆరు హార్డ్‌డిస్కులు కలిసి అందులో మూడవ వంతు కూడా వాడలేవు, ఇంటి గిగాబిట్ నెట్‌వర్క్ అయితే ఒక్క డిస్కు వేగాన్ని కూడా పూర్తిగా మోయలేదు.

నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది వేడి గురించి. ఈ కార్డు సర్వర్ డబ్బాల్లో, ముందు నుంచి వెనక్కి హోరుమని గాలి వీచే చోట ఉండటానికి తయారైంది. ఈ రకం కార్డులకు నిమిషానికి 200 అడుగుల వేగంతో గాలి తగలాలని లెక్క. అందుకే దాని మీద వేడిని బయటికి వదిలే చిన్న హీట్‌సింక్ మాత్రమే ఉంటుంది, ఫ్యాన్ ఉండదు. ఇంట్లోని క్యాబినెట్‌లో ఆ మూల గాలి దాదాపుగా నిలిచిపోతుంది. పైగా మాది విజయవాడ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. 2019 మే నెలాఖరులో, మధ్యాహ్నం పూట నడిచిన నెలవారీ స్క్రబ్ (డిస్కుల్లోని డేటా అంతా చదివి సరిచూసే పని) ముగిశాక చూస్తే, ఆరు డిస్కుల ఎదుటా చెక్‌సమ్ తప్పులు, అంటే చదివిన డేటా దాని సరిచూపు సంఖ్యతో కలవని సందర్భాలు కనిపించాయి. ఒకదానికి పదకొండు, ఇంకొకదానికి తొమ్మిది, మరొకదానికి పద్నాలుగు, ఇలా అన్నింటికీ దాదాపు సమానంగా ఉన్నాయి.

ఆ సమానత్వమే అసలు విషయం చెప్పింది. కొన్నాళ్ల కిందటే కొన్న ఆరు డిస్కులు ఒకే మధ్యాహ్నం కూడబలుక్కుని పాడవవు. వాటి స్మార్ట్ వివరాల్లో చెడిన సెక్టార్లు లేవు. కేబుల్ తప్పులను లెక్కించే 199వ అంశం కూడా సున్నా దగ్గరే ఉంది. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నవి కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్, మెమరీ, కార్డు. మెమరీని రాత్రంతా పరీక్షించాను, బాగానే ఉంది. కార్డు హీట్‌సింక్ మీద వేలు పెడితే ఒక్క క్షణం కూడా ఉంచలేకపోయాను. ఈ చిప్ తన ఉష్ణోగ్రత ఎంతో బయటికి చెప్పదు, అందువల్ల ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ ముందస్తు హెచ్చరిక రాదు. హీట్‌సింక్ విప్పి చూస్తే చిప్ వేడిని పైకి చేర్చేందుకు కింద పూసిన పాత థర్మల్ పేస్ట్ ఎండిపోయి సున్నంలా పెళుసుగా రాలింది. దాన్ని శుభ్రంగా తుడిచి, కొత్త పేస్ట్ పూసి, హీట్‌సింక్ రెక్కల మధ్య సన్నని మరలతో 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ బిగించాను. మర్నాడు అదే ఎండవేళ మళ్లీ స్క్రబ్ నడిపాను. ఒక్క తప్పు కూడా రాలేదు. రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్‌జెడ్2 అమరిక కావడంతో, ముందు వచ్చిన తప్పులన్నిటినీ జెడ్‌ఎఫ్‌ఎస్ తానే సరిదిద్దింది, ఒక్క ఫైలు కూడా పోలేదు.

ఆ చిన్న ఫ్యాన్ రెండేళ్లకు బేరింగ్ అరిగి గరగరలాడటం మొదలుపెట్టింది. చిన్న ఫ్యాన్లతో ఈ బాధ తప్పదు. దాని స్థానంలో నెమ్మదిగా తిరిగే 80 మిల్లీమీటర్ల ఫ్యాన్‌ను, పక్క స్లాట్‌కు బిగించే బ్రాకెట్‌తో కార్డుకు అభిముఖంగా పెట్టాను. శబ్దం దాదాపు లేదు, హీట్‌సింక్ ఇప్పుడు నడివేసవిలోనూ గోరువెచ్చగానే ఉంటోంది. కార్డు కొనేవారు ఫ్యాన్ ఖర్చును కూడా కార్డు ధరలోనే కలుపుకుని లెక్క వేసుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ప్రతి ఏటా ఉగాది వెళ్లగానే క్యాబినెట్ తెరిచి దుమ్ము దులపడం కూడా అలవాటు చేసుకున్నాను.

2021లో మరో రకం సమస్య వచ్చింది. ఈసారి ఒకే ఒక్క డిస్కు మీద తప్పులు, దానికి మాత్రమే 199వ అంశం రోజురోజుకూ పెరగడం కనిపించాయి. తప్పులన్నీ ఒక్క డిస్కుకే పరిమితమైతే ముందు కేబుల్‌ను అనుమానించాలి. క్యాబినెట్ పక్క తలుపు మూసినప్పుడు ఆ తీగ దగ్గరగా మడత పడుతోంది. అక్కడ వంపు తగ్గించి, కేబుల్ మార్చాక ఆ సంఖ్య అక్కడే ఆగిపోయింది. ఆ అంకె ఎప్పటికీ వెనక్కి తగ్గదు, కాబట్టి అది పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

మరుసటి ఏడాది ఒక డిస్కు నిజంగానే చెడిపోయింది. అప్పుడు అక్కరకొచ్చింది మొదట్లో చేసుకున్న ఒక చిన్న పని. డిస్కులకు లైనక్స్ ఇచ్చే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ వంటి పేర్లు రీబూట్ చేసినప్పుడు తారుమారు కావచ్చు, అందువల్ల పూల్‌ను (జెడ్‌ఎఫ్‌ఎస్ ఒకటిగా వాడే డిస్కుల సమూహాన్ని) డిస్కుల సీరియల్ నంబర్లతోనే కట్టాను. అవే నంబర్లను పెద్ద అక్షరాలతో రాసి ప్రతి డిస్కు అంచుకు అతికించాను. చెడినది ఏదో వెతుక్కోనక్కర లేకుండా సరైన డిస్కునే బయటికి తీశాను. కొత్త దానిలోకి డేటాను తిరిగి నింపే రీసిల్వర్ ఒక రాత్రి, మరునాటి ఉదయం పట్టింది.

విద్యుత్తు విషయంలో మాత్రం ఈ కార్డును మెచ్చుకోలేను. గోడ దగ్గర మీటరు పెట్టి చూస్తే, కార్డు ఉన్నప్పుడూ లేనప్పుడూ తేడా సుమారు 10 వాట్లు వచ్చింది. ఇరవై నాలుగు గంటలూ నడిచే యంత్రంలో అది ఏడాదికి 87 యూనిట్ల పైచిలుకు. డిస్కులు నిద్రపోతున్నా కార్డు వాటా తగ్గదు. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మీద నిలిచే సమయం కూడా ఆ మేరకు తగ్గుతుంది.

అందుచేత ఇప్పుడు ఎవరైనా అడిగితే, నాలుగైదు డిస్కులతో సరిపెట్టుకునేవారికి నేను ఈ కార్డు చెప్పడం లేదు. ఏఎస్‌ఎం1166 చిప్‌తో వచ్చే ఆరు పోర్టుల సాటా కార్డులు తక్కువ విద్యుత్తుతో, ఫర్మ్‌వేర్ తంటా లేకుండా పనిచేస్తాయి. ఒకే పోర్టును పలు డిస్కులకు పంచే పోర్ట్ మల్టిప్లయర్ కార్డులకు మాత్రం దూరంగా ఉండాలి. ఎనిమిది డిస్కులు కావలసినవారికి, సర్వర్లలో వాడే ఎస్‌ఏఎస్ డిస్కులు చవకగా దొరికినవారికి ఎస్‌ఏఎస్2008 ఇప్పటికీ విలువైనదే. చేతిలో డబ్బుంటే ఎస్‌ఏఎస్3008 చిప్ ఉన్న 9300-8ఐ తీసుకోవచ్చు. దానికి కేబుల్ రకం వేరు, ఎస్‌ఎఫ్‌ఎఫ్-8643 పోర్టులుంటాయి. గాలి అవసరం మాత్రం దానికీ తప్పదు. అసలు ధరతో పోలిస్తే నామమాత్రపు ధరకు ‘కొత్త’ కార్డు అమ్ముతున్నారంటే నకిలీ అయ్యే అవకాశం ఉంది. సర్వర్ల నుంచి తీసిన పాత కార్డే నా దృష్టిలో నమ్మదగినది.

కార్డు ఉన్నట్టుండి చస్తే డిస్కుల సంగతేమిటన్న బెంగ నాకు మొదటి నుంచీ ఉండేది. ఐటీ మోడ్‌లో కార్డు డిస్కుల మీద తన గుర్తులేవీ రాయదని చదివాను గానీ, స్వయంగా చూస్తే తప్ప మనసు కుదుటపడలేదు. గత సంక్రాంతి సెలవుల్లో పూల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి (సర్వర్ నుంచి భద్రంగా విడదీసి), కార్డును పూర్తిగా బయటికి తీశాను. ఎస్‌ఎస్‌డీని కూడా విప్పి, పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ మొదలుపెట్టి, మదర్‌బోర్డులోని నాలుగు పోర్టులకు ఆరింటిలో నాలుగు డిస్కులు మాత్రమే తగిలించాను. రెండు డిస్కులు లేవని హెచ్చరిస్తూనే పూల్ తెరుచుకుంది. ఏదీ మారకుండా దాన్ని చదవడానికి మాత్రమే ఇంపోర్ట్ చేసి (తిరిగి కలిపి), నాన్నగారి క్యాసెట్లలోని ఒక రేడియో నాటకాన్ని మొదటి నుంచి చివరి దాకా ఆయన పక్కన కూర్చుని విన్నాను. ఎక్కడా తెగలేదు. సాయంత్రం కార్డును, ఆరు డిస్కులను తిరిగి బిగించి స్క్రబ్ నడిపితే తప్పుల లెక్క సున్నా అని వచ్చింది.