చెవెనింగా, ఫుల్‌బ్రైటా? కళాబృందం నడిపేవారికి ఏది మేలు?

నిరుడు నా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయి చేతిలో అట్ట నలిగిన పొడవాటి నోటుపుస్తకం ఉంది. హైదరాబాద్‌లో ఒక కూచిపూడి బృందం వ్యవహారాలన్నీ ఐదేళ్లుగా ఆమే చూస్తోంది. రవీంద్రభారతిలో తేదీ ఖాయం చేసుకోవడం, మృదంగం వాయించే ఆయనకు రైలు టికెట్టు తీయడం, సావనీరుకు ప్రకటనలు తేవడం, ప్రదర్శన ముగిశాక ఎవరికెంత ఇవ్వాలో లెక్క తేల్చడం, అన్నీ తేదీల వారీగా ఆ పుస్తకంలో ఉన్నాయి. "మాస్టారూ, నేను చెవెనింగ్‌కు దరఖాస్తు చేయనా, ఫుల్‌బ్రైట్‌కు చేయనా?" అని అడిగింది. చెవెనింగ్ బ్రిటన్‌లో, ఫుల్‌బ్రైట్ అమెరికాలో చదువుకోవడానికి ఇచ్చే స్కాలర్‌షిప్‌లు. దేనిలో డబ్బు ఎక్కువ వస్తుందన్నది ఆమె మొదటి ప్రశ్న. నా దృష్టిలో అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. రెండూ ట్యూషన్ ఫీజు, అక్కడ బతకడానికి అయ్యే ఖర్చు, రానుపోను విమాన ఛార్జీ ఇస్తాయి. తేడాలు వేరేచోట ఉన్నాయి.

ముందు అర్హత సంగతి. చెవెనింగ్ బ్రిటన్ ప్రభుత్వం 1983లో మొదలుపెట్టిన స్కాలర్‌షిప్. ఏడాది మాస్టర్స్ చదువుకు ఇస్తారు. దీనికి 2,800 గంటల పని అనుభవం చూపించాలి. జీతం లేని పని, స్వచ్ఛందంగా చేసిన పని కూడా ఈ లెక్కలోకి వస్తుంది. మన నాటక సమాజాల్లో, నృత్య బృందాల్లో పని చేసేవారికి ఇది చాలా పెద్ద వెసులుబాటు. పగలు వేరే ఉద్యోగం చేసుకుంటూ వారానికి 20 గంటలు బృందానికి ఇచ్చినా 140 వారాల్లో, అంటే మూడేళ్లు నిండకముందే, ఆ లెక్క పూర్తవుతుంది. గరిష్ఠ వయసు నిబంధన కూడా లేదు.

ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌లో మనకు సంతోషం కలిగించే సంగతి ఒకటుంది. అర్హమైన కోర్సుల జాబితాలో కళా సాంస్కృతిక నిర్వహణ, వారసత్వ పరిరక్షణ, మ్యూజియం అధ్యయనాలను పేరు పెట్టి చేర్చారు. అంటే ప్రజారోగ్యం, పట్టణ ప్రణాళికల పక్కన మన రంగానికీ ఒక కుర్చీ వేశారు. కానీ అనుభవం విషయంలో పట్టు బిగువు. జీతం తీసుకుంటూ పూర్తికాలం పని చేసిన మూడేళ్లు కావాలి. పైగా మూడేళ్ల బీఏ ఒక్కటే ఉంటే చాలదు. దాని మీద ఒక మాస్టర్స్ గానీ, పూర్తికాలపు పీజీ డిప్లొమా గానీ ఉండాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో నృత్యంలోనో, రంగస్థల కళల్లోనో ఎంపీఏ (ప్రదర్శన కళల మాస్టర్స్) చేసినవారికి ఈ చిక్కు ఉండదు.

ఆ అమ్మాయికి ఎంపీఏ ఉంది. చిక్కంతా జీతం దగ్గర వచ్చింది. బృందం ఆమెకు నెలనెలా ఏదో ఇస్తూనే ఉంది, అయితే అది నగదుగా, ఏ కాగితమూ లేకుండా. మన దగ్గర చాలా సంస్థల్లో ఇదే పద్ధతి. ఐదేళ్లు రాత్రింబవళ్లు కష్టపడ్డ మనిషి దగ్గర ఆ కష్టానికి ఒక్క ఉత్తరం ముక్క లేకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. ఇది చదువుతున్నవారిలో బృందాలు నడిపే పెద్దలుంటే ఒక మనవి: మీ దగ్గర పని చేసే పిల్లలకు నియామక పత్రం ఇవ్వండి, ఇచ్చేది ఐదు వేలైనా బ్యాంకు ఖాతాలో వేయండి.

ఇక కాలం. బ్రిటన్‌లో మాస్టర్స్ ఏడాదిలో ముగుస్తుంది. అమెరికాలో చాలాచోట్ల రెండేళ్లు పడుతుంది. అక్కడి కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో కళా నిర్వహణ మాస్టర్స్ రెండేళ్ల కోర్సే. ఉద్యోగం మానేసి వెళ్లేవారికి ఈ తేడా అంతగా పట్టకపోవచ్చు. బృందాన్ని వదిలి వెళ్లేవారికి మాత్రం ఇదే ప్రాణం. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా ఉత్సవాల కాలం. ఆ రోజుల్లో ఒక ఏడాది కనబడకపోతే దేవస్థానాలవారూ, సభలవారూ గుర్తుంచుకుంటారు. వరసగా రెండేళ్లు కనబడకపోతే ఆ తేదీ వేరే బృందానికి వెళ్లిపోతుంది. మీరు లేనప్పుడు నడిపించే మనిషి ఉంటే ఫుల్‌బ్రైట్ గురించి ధైర్యంగా ఆలోచించండి. లేకపోతే ఏడాదే మేలు.

అక్కడ ఏం నేర్చుకుంటారన్నది అన్నిటికంటే ముఖ్యం. బ్రిటన్‌లో కళలకు ప్రజాధనం ఇచ్చే ఆర్ట్స్ కౌన్సిల్ 1946 నుంచి ఉంది. 1994లో జాతీయ లాటరీ మొదలయ్యాక అందులోంచి కూడా కళలకు వాటా వస్తోంది. అందుకే అక్కడి తరగతుల్లో సాంస్కృతిక విధానం మీద చర్చ బలంగా సాగుతుంది. ప్రజల సొమ్ము ఒక నాటకశాలకు ఎందుకివ్వాలి, దానివల్ల ఆ ఊరికి ఏం ఒరిగింది, అన్నది లెక్క చెప్పడం నేర్పుతారు. అమెరికాలో జాతీయ కళల నిధి 1965లోనే ఏర్పడినా, సంస్థలు ప్రధానంగా బతికేది విరాళాల మీద, టికెట్ల మీద. దాతను వెతకడం, కలవడం, అడగడం, ఇచ్చాక ఏడాది పొడవునా వారితో సంబంధం నిలుపుకోవడం అక్కడ ఒక విద్య.

మన సంస్థలకు ఎక్కువగా కొరవడింది ఈ రెండో విద్యే అని నా నమ్మకం. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఆ ఖర్చు చేయదగ్గ అంశాల జాబితాలో కళలు, సంస్కృతి, సంప్రదాయ హస్తకళలు కూడా ఉన్నాయి. అయినా మన బృందాలు సావనీరులో పావు పేజీ ప్రకటన కోసం బట్టల కొట్ల చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. వాడుకలో 12ఏ, 80జీ అనే ఆదాయపు పన్ను రాయితీ రిజిస్ట్రేషన్లు చేయించుకుని, మూడేళ్ల ఆడిట్ లెక్కలతో ఒక కంపెనీ తలుపు తట్టడం మనలో ఎందరికి వచ్చు? చదువు వరకే చూస్తే అందుకే అమెరికా వైపు మొగ్గుతాను.

తిరిగి రావాలన్న షరతు రెండింటికీ ఉంది. చెవెనింగ్ వాళ్లు చదువు కాగానే స్వదేశంలో రెండేళ్లు ఉండాలంటారు. ఫుల్‌బ్రైట్ మీద వెళ్లేవారికి ఇచ్చే జే-1 వీసాకూ తిరిగొచ్చి రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న నిబంధన ఉంది. అది తీరేదాకా అమెరికాలో ఉద్యోగానికి ఇచ్చే హెచ్-1బీ వీసా రాదు. అక్కడే స్థిరపడాలన్న ఆలోచన ఉన్నవారు ఈ రెండింటి జోలికీ వెళ్లవద్దు.

డిగ్రీ అక్కర్లేనివారికి ఇంకో దారి ఉంది, దాన్ని చాలామంది చూడరు. కలకత్తాలో వ్యాపారం చేసి 1916లో చనిపోయిన చార్లెస్ వాలెస్ ఆస్తి నుంచి వచ్చిన నిధితో 1981లో ఏర్పడిన చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ అది. భారత్‌లో ఉంటున్న కళాకారులకు, వారసత్వ రంగంలో పని చేసేవారికి బ్రిటన్‌లో కొద్దికాలం గడపడానికి సాయం చేస్తుంది. మొత్తం ఖర్చు రాకపోవచ్చు. కానీ నలభైకి దగ్గరపడుతున్న, పదేళ్లుగా బృందం నడుపుతున్న మనిషికి ఏడాది తరగతి గదిలో కూర్చోవడం కంటే, కొన్ని వారాలు ఒక నాటకశాల కార్యాలయంలో పని చూడటమే ఎక్కువ ఉపయోగం.

కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలతో పాటు సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకూ వర్తిస్తుంది. అయితే 2022లో మార్చిన నిబంధనల్లో భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్రకు సంబంధించిన అంశాలను తీసేశారు. నిమ్మలకుంట తోలుబొమ్మల కుటుంబం నుంచో, చేర్యాల నకాషీ చిత్రకారుల కుటుంబం నుంచో వచ్చిన పిల్లవాడు తన కళ గురించే విదేశంలో చదువుతానంటే ఈ దారి మూసి ఉంటుంది. ఇది సరిదిద్దాల్సిన తప్పు.

ఆ అమ్మాయికి చెవెనింగే చెప్పాను. బృందంలో ఆమె స్థానంలో నిలబడే మనిషి ఇంకా తయారు కాలేదు, ఫుల్‌బ్రైట్ అడిగే జీతం కాగితాలూ లేవు. దరఖాస్తులు మామూలుగా ఆగస్టులో మొదలవుతాయి. మూడు కోర్సులు ఎంచుకోవాలి, యూనివర్సిటీలకు విడిగా తనే దరఖాస్తు పెట్టుకోవాలి. ఇప్పుడు నోటుపుస్తకం ముందేసుకుని గంటలు కూడుతోంది. ఫిబ్రవరి ప్రదర్శనకు హాలు మాట్లాడే పని ఈసారి బృందంలోని చిన్నమ్మాయికి అప్పగించింది.